సాంబమసూరి రక్షణకు జన్యుపటము

కృష్ణా పశ్చిమ డెల్టాలో కాకుమాను మొదలు బాపట్ల వరకుగల మాగాణులలో సార్వా పైరు ఈనుచున్న దినములలో, గట్టున నిలిచి “ఇది ఏ రకము?” అని అడిగినయెడల తరచుగా వినవచ్చు సమాధానము “5204”. ఆ సంఖ్యకు ముందుండు బి.పి.టి. అను అక్షరములు బాపట్ల పేరును తెలుపును. బాపట్ల వరి పరిశోధనా కేంద్రమునుండి 1986లో వెలువడిన ఆ రకమే సాంబమసూరి. గింజ సన్నము, అన్నము మెత్తన, బజారులో ధర మేలు. ఈ గుణములచేతనే అది తెలుగుదేశపు ఎల్లలు దాటి అనేక రాష్ట్రముల పొలములకు ప్రాకినది.

ఇంతటి పేరుగన్న రకమునకు ఒక పెద్ద లోపము కలదు. బాక్టీరియావలన వచ్చు ఆకు ఎండు తెగులును అది తట్టుకొనలేదు. ఆ లోపమును సరిదిద్దుటకు శాస్త్రజ్ఞులకు తోడ్పడిన సాధనములలో ముఖ్యమైనది ఒక పటము. అది సర్వే పటము కాదు. వరి మొక్కయొక్క జన్యువుల పటము. నేడు ఆ పటమును సిద్ధము చేయునది కంప్యూటరు. ఈ పటమునకును మన పొలములో చల్లు విత్తనమునకును గల సంబంధమేమి, దానివలన సాధ్యమగునదేమి, కానిదేమి, ఈ విషయమున గ్రామ పంచాయతీ చేయదగిన పని యేమి అనువానిని పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

తెగులు ముందు రైతు, సంకరము ముందు శాస్త్రజ్ఞుడు

ఆకు ఎండు తెగులు సోకిన పైరులో ఆకు కొననుండి అంచుల వెంబడి అలలవంటి పసుపు చారలు దిగును. పిమ్మట ఆకు గడ్డిరంగుకు తిరిగి ఎండిపోవును. తెల్లవారుజామున ఆకులపై జిగటవంటి చిన్న బిందువులు కనబడి, అవి ఎండి పచ్చని పూసలవలె నిలుచును. గాలివాన వచ్చినచో తెగులు ఒక మడినుండి మరియొక మడికి వేగముగ వ్యాపించును. యూరియా మితిమీరి చల్లిన పొలములో దీని ఉధృతము హెచ్చు. పైరంతయు సోకిన పిమ్మట దీనిని నిలుపగల నమ్మకమైన మందు లేదు. కావున తట్టుకొను గుణము విత్తనములోనే ఉండుట మేలైన మార్గము.

ఆ గుణముగల వరులు లోకములో కలవు. దానిని సాంబమసూరిలోనికి తెచ్చుటయే కష్టము. తెగులును తట్టుకొను మొక్కతో సాంబమసూరిని సంకరము చేసినయెడల, పుట్టిన మొక్కలో సగము సాంబమసూరి, సగము ఇతరము. దానిని మరల సాంబమసూరితోనే కలిపినచో సాంబమసూరి పాలు సగటున నూటికి 75 అగును. ఇట్లే మరల మరల కలిపినచో 87.5, 93.75, నాలుగవ పర్యాయమునకు ఇంచుమించు 97. మిగిలిన పాలులో మనకు కావలసిన జన్యువు నిలిచియున్నదో, జారిపోయినదో ప్రతి తరమునందును తెలియవలెను. తెలియనిచో, ఆకారమున చక్కని సాంబమసూరి చేతికి వచ్చును గాని తెగులు మాత్రము పూర్వమువలెనే సోకును.

ఇందు మరియొక చిక్కు గలదు. జన్యువులు జతలుగా నుండును. కొన్ని జన్యువుల గుణము, జతలోని రెండు ప్రతులును ఒకే విధముగ నున్నపుడే బయటపడును. ఒక్క ప్రతియే యున్నచో గుణము దాగియుండును. అట్టి మొక్కను పొలములో చూచి, ఇందు ఆ జన్యువు కలదని ఎంత అనుభవజ్ఞుడును చెప్పజాలడు. అంతేకాదు, బలమైన జన్యువు ఒకటి మొక్కలో ఉన్నయెడల, దాని చాటున రెండవది, మూడవది ఉన్నవో లేవో తెగులు సోకించి చూచినను తెలియదు. కంటికి కనబడని దానిని కనిపెట్టుటకు గుర్తు కావలెను. గుర్తును నమ్ముటకు పటము కావలెను.

దూరమును లెక్కించు విధము

వరి మొక్క ప్రతి కణములోను 12 జతల క్రోమోజోములు గలవు. క్రోమోజోమును ఒక పొడవైన దారమనుకొందము. జన్యువులు ఆ దారమున గ్రుచ్చిన పూసలు. ప్రతి జతలోను ఒక దారము తల్లినుండి, ఒకటి తండ్రినుండి వచ్చినది. మొక్క పుప్పొడిని, అండమును తయారుచేయునపుడు ఈ రెండు దారములును ప్రక్కప్రక్కకు చేరి, అక్కడక్కడ తెగి, తెగిన ముక్కలను ఇచ్చిపుచ్చుకొనును. కావున బిడ్డకు చేరు దారములో కొంత భాగము తాతది, కొంత భాగము అమ్మమ్మది వలె కలిసియుండును.

ఒక దారముపై రెండు పూసలు దగ్గరదగ్గరగా నున్నయెడల వాటి నడుమ దారము తెగుట అరుదు. అవి కూడియే ప్రయాణము చేయును. దూరముగా నున్నచో తరచుగా విడిపోవును. ఎంత తరచుగా విడిపోవుచున్నవో లెక్కించినచో ఎంత దూరముగా నున్నవో తెలిసినట్లే.

ఉదాహరణకు 100 మొక్కలను పరీక్షించితిమనుకొందము. మొదటి గుర్తు, రెండవ గుర్తు 5 మొక్కలలో విడిపోయినవి. రెండవది, మూడవది 8 మొక్కలలో విడిపోయినవి. మొదటిది, మూడవది 13 మొక్కలలో విడిపోయినవి. 5, 8 కలిసి 13. కావున రెండవ గుర్తు మధ్యనున్నదని చిన్న పిల్లవాడును చెప్పగలడు. నూటికి ఒకసారి విడిపోవు దూరమును శాస్త్రజ్ఞులు ఒక సెంటీమోర్గాన్ అందురు. అమెరికా శాస్త్రజ్ఞుడు మోర్గాన్ పేరిట ఏర్పడిన కొలత ఇది. ఆయన శిష్యుడు స్టర్టివాంట్, పండ్లపై ముసురు చిన్న ఈగల 6 లక్షణములను ఈ రీతిగనే లెక్కించి, 1913లో ప్రపంచమున మొదటి జన్యుపటమును ప్రకటించెను.

కంప్యూటరు ఎందులకు?

మూడు గుర్తులైనచో కాగితముపై తేల్చవచ్చును. వరుస పెట్టుటకు 3 విధములే కలవు. గుర్తులు 5 అయినచో విధములు 60. గుర్తులు 10 అయినచో 18,14,400. నేటి పటములలో గుర్తులు వందలు, వేలు. మనుష్యుడు జీవితమంతయు కూర్చున్నను ఆ లెక్క తెమలదు. అందువలననే ఈ పనికి ప్రత్యేకముగ సాఫ్ట్‌వేరు, అనగా కంప్యూటరు నడచుకొనవలసిన లెక్కల ఏర్పాటు, పుట్టినది. 1987లో అమెరికాలో వెలువడిన మాప్‌మేకర్, 1993లో నెదర్లాండ్సులో వెలువడిన జాయిన్‌మాప్ ఇందు ప్రసిద్ధములు. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖకు చెందినవారు, వేలకొలది గుర్తులను త్వరగా వరుసపరచుటకు ఎం.ఎస్.టి.మాప్ అను దానిని ప్రకటించిరి.

ఇట్టి సాఫ్ట్‌వేరు చేయు పని మూడు దశలుగ నుండును. మొదట, ఏ గుర్తులు కలిసి ప్రయాణించుచున్నవో చూచి వాటిని గుంపులుగా విడదీయును. వరిలో ఈ గుంపులు తుదకు 12 కావలెను. ఏలయన క్రోమోజోములు 12 జతలు. రెండవది, ప్రతి గుంపులోను గుర్తులను వరుసపరచును. మూడవది, ఒక గుర్తునకు మరియొక గుర్తునకు గల దూరమును నిర్ణయించును.

వరుసపరచు పద్ధతిని విద్యుత్తు తీగ ఉపమానముతో గ్రహింపవచ్చును. ఒక తాలూకాలోని ఊర్లన్నిటికి తీగ లాగవలెను, తీగ మాత్రము మిక్కిలి తక్కువ పట్టవలెను అని ఇంజనీరును కోరితిమనుకొందము. ఆయన ముందుగ దగ్గర ఊర్లను కలుపుచు, చుట్టుతిరుగుడు లేకుండ ముందుకు సాగును. ఎం.ఎస్.టి.మాప్ కూడ గుర్తులను ఊర్లుగను, అవి విడిపోయిన సంఖ్యను దూరముగను ఎంచి, మొత్తముమీద మిక్కిలి తక్కువ తీగతో అన్నిటిని కలుపును. లెక్కలో తప్పులు లేనియెడల ఆ తీగ కొమ్మలు చీలక ఒకే బాటగా సాగును. ఆ బాటయే క్రోమోజోముపై గుర్తుల వరుస.

తప్పు చొరబడినచో?

పటము మంచిదగుటకు కంప్యూటరు వేగము చాలదు. పొలములో చేసిన పని శుద్ధముగ నుండవలెను. విత్తనపు మడిలో బెరుకులు తీయనిచో విత్తనము ఎట్లు చెడునో, ఒక మొక్క ఆకును మరియొక మొక్క పేర వ్రాసినచో పటము అట్లే చెడును. గుర్తులు దట్టముగ నున్న పటములో ఒక్క తప్పు వ్రాతకు ఫలితమేమనగా, ఆ గుర్తుకు ముందొక చోట, వెనుకనొక చోట దారము తెగినట్లు కంప్యూటరునకు కనబడును. ఇట్టి లేని తెగుళ్ళు కూడిన కొలది పటము పొడవు బూటకముగ పెరుగును. అంత చిన్న నిడివిలో దారము రెండుచోట్ల తెగుట మిక్కిలి అరుదు. కనుక మంచి సాఫ్ట్‌వేరు అట్టి చోట్లను అనుమానించి చూపును. అయినను మూలములోనే విత్తనము కలగాపులగమైనచో దానిని యంత్రమును బాగుచేయజాలదు.

మరియొక సంగతి. గుర్తులు పెంచినంతమాత్రమున పటము సూక్ష్మము కాదు. దారము తెగిన చోట్లనుబట్టియే దూరము తెలియును గదా! మొక్కలు కొద్దిగా నున్నచో తెగిన చోట్లును కొద్దియే. ఎన్ని గుర్తులు చేర్చినను అవి ఒకే చోట కుప్పపడును. జపాను శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిన వరి పటములో 2,275 గుర్తులుండెను. అది 186 మొక్కలనుండి తయారయినది. ఆ మొక్కల తల్లిదండ్రులలో ఒకటి జపాను రకమగు నిప్పొన్‌బారె. రెండవది కసలత్ అను మన భారతదేశపు నాటు రకము. అనగా జపానులో గీచిన పటములో సగము సిరా మన పల్లె విత్తనమునుండి వచ్చినదే.

పిమ్మట వరియొక్క జన్యు లిపి యంతయు చదువబడి 2005లో ప్రకటింపబడినది. అందు రమారమి 38.9 కోట్ల అక్షరములు గలవు. ఈ అంతర్జాతీయ కృషిలో భారతదేశమునకు 11వ క్రోమోజోములో భాగము లభించినది. చదివిన తునకలను సరియైన చోట అమర్చుటకు సాంద్రమైన పటములే ఆధారమైనవి.

హైదరాబాదులో జరిగిన పని

ఇప్పుడు మరల సాంబమసూరి కడకు వత్తము. రాజేంద్రనగరులోని వరి పరిశోధనా సంచాలకాలయము, హైదరాబాదులోనే యున్న సి.సి.ఎం.బి. సంస్థ కలిసి ఈ పనికి పూనుకొనెను. ఆ సంచాలకాలయమే నేడు భారతీయ వరి పరిశోధనా సంస్థ. వారు ఎంచుకొన్నవి మూడు జన్యువులు: ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5. వీటి చిరునామాలను జన్యుపటము చూపినది. మొదటిది 11వ క్రోమోజోముపై, రెండవది 8వ దానిపై, మూడవది 5వ దానిపై నున్నవి. ఎక్స్‌ఏ 21 ఆఫ్రికాలోని మాలిదేశపు అడవి వరినుండి లభించినది. మిగిలిన రెండును, పైన మేము చెప్పినట్లు, రెండు ప్రతులున్నగాని గుణము చూపనివి.

ప్రతి తరములోను లేత మొక్కనుండి చిన్న ఆకుముక్క త్రుంచి, దానిలోని డి.ఎన్.ఏ.ను వేరుచేసి, ప్రయోగశాలలో గుర్తులను చూచిరి. పైరు ఎదుగువరకు, తెగులు వచ్చువరకు కాచుకొననక్కరలేదు. సాంబమసూరితో తిరిగి కలిపిన మొక్కలలో మూడు జన్యువులును కలిసియున్నవి సగటున 8లో ఒకటి. కడపట తనంత తాను ఫలించిన తరములో, మూడును రెండేసి ప్రతులుగా గలవి సగటున 64లో ఒకటి. ఆ ఒక్కదానిని గుర్తు పట్టిచ్చును. ఇట్లు నాలుగు పర్యాయములు సాంబమసూరితో కలిపి ఎన్నిక చేయగా ఏర్పడినదే 2008లో విడుదలయిన మెరుగుపరచిన సాంబమసూరి. దీని మరియొక పేరు ఆర్.పి. బయో 226.

పటము సాంద్రముగ నుండుటవలన మరియొక లాభము కలదు. కావలసిన జన్యువుతోపాటు దాని ఇరుగుపొరుగున నున్న అక్కరలేని ముక్కలును వచ్చిచేరును. పెండ్లికూతురితోపాటు బంధుబలగము వచ్చి ఇంట నిలిచిపోయినట్లు, ఇవి గింజ లావు చేయుటయో, రుచి మార్చుటయో చేయవచ్చును. జన్యువునకు ఇరుప్రక్కల దగ్గరగ గుర్తులున్నచో, ఆ దగ్గరనే దారము తెగిన మొక్కను ఎన్నుకొని బలగమును బయటనే నిలుపవచ్చును.

ఇచ్చట ఒక సందేహమును తీర్చవలెను. కొందరు ఇట్టి విత్తనమును జన్యుమార్పిడి విత్తనమని భ్రమపడుదురు. ఇది వరిని వరితో సంకరపరచి పొందినది. పటము, గుర్తులు ఎన్నికకు మాత్రమే తోడ్పడినవి. 2025 మే 4వ తేదీన ప్రకటింపబడిన కమల, అనగా డి.ఆర్.ఆర్. ధాన్ 100, వేరు మార్గమున వచ్చినది. అది సాంబమసూరియందలి జన్యువునే సవరించి పొందిన రకము. ఈ రెంటిని ఒకటిగ తలపరాదు.

పటమునకు లొంగనివి

మెరుగుపరచిన సాంబమసూరి ఆకు ఎండు తెగులును తట్టుకొనును. అగ్గితెగులునకు, సుడిదోమకు అది మందు కాదు. దిగుబడివంటి గుణములు ఒకటి రెండు జన్యువులకు లోబడవు. అనేక జన్యువులు, నేల, నీరు, ఎరువు, వాతావరణము కలిసి వాటిని నిర్ణయించును. కావున కంప్యూటరు చెప్పినదానిని కడపట పొలమే పరీక్షింపవలెను. తెగులు క్రిమియును కాలక్రమమున మారును. ఒక్క జన్యువును దాటుట దానికి సులభము, మూటిని దాటుట కష్టము. మూడింటిని కూర్చుటలోని ఉద్దేశ్యమిదియే. అయినను ఆ కావలి శాశ్వతమని ఎంచి నిశ్చింతగ నుండరాదు. క్రొత్త జన్యువులకై వెదకుచునే యుండవలెను.

ఆ క్రొత్త జన్యువులు ఎచ్చటినుండి వచ్చును? కంప్యూటరు వాటిని సృష్టింపదు. పటము చోటు చూపునే గాని సొత్తును ఈయదు. ఒడిస్సా రైతులు ముంపు పొలములలో తరతరములుగ సాగుచేసిన ధల్‌పుట్టియా అను నాటు వరినుండి ఎఫ్.ఆర్. 13ఎ అను రకమును ఎంపికచేసిరి. ముంపును తట్టుకొను దాని గుణము 9వ క్రోమోజోముపై నున్నదని 1996లో పటము తెలిపినది. 2006లో ఆ జన్యువే చేతికి చిక్కినది. మార్టేరులో పుట్టిన స్వర్ణ రకములో దానిని చేర్చి, స్వర్ణ సబ్-1 అను పేర 2009లో మన దేశమున విడుదల చేసిరి. రెండు వారములవరకు నీట మునిగినను అది తిరిగి కోలుకొనగలదు. తుపాను నీరు మురుగుకాలువలనుండి పొలములపైకి ఎగదన్నుటను ఎరిగిన డెల్టా రైతునకు దీని విలువ చెప్పనక్కరలేదు. పేరు తెలియని ఆ ఒడిస్సా రైతులు ఆ విత్తనమును పారవైచియున్నచో, ఏ సాఫ్ట్‌వేరును దానిని తిరిగి తేజాలకపోయెడిది.

పంచాయతీల కర్తవ్యము

మొదటిది, విత్తనపు సంచిపై చీటీని చదువు అలవాటును గ్రామమున నెలకొల్పవలెను. పునాది విత్తనమునకు తెల్లని చీటీ, ధ్రువీకరించిన విత్తనమునకు నీలి చీటీ ఉండును. “సాంబమసూరి” అన్నంతమాత్రమున చాలదు. ఏ సాంబమసూరియో, పాతదో మెరుగుపరచినదో, రకము పూర్తి పేరును చూడవలెను. గింజను చూచి ఈ రెంటిని వేరుచేయుట కష్టము. ఆకు ఎండు తెగులు ఏటేట వచ్చు గ్రామములవారు రైతు సేవా కేంద్రములో ఏ రకము తమకు కావలెనో సార్వాకు ముందుగనే తెలియజేయుట మంచిది.

రెండవది, మెరుగుపరచిన రకము వేసితిమిగదా యని యూరియా మితిమీరి చల్లరాదని రైతులకు గ్రామసభలో తెలుపవలెను. ఆకు ఎండు తెగులు తప్పినను, అదే యూరియా సుడిదోమను, అగ్గితెగులును పిలుచును.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి గ్రామ పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఏర్పడవలెను. ఆ కమిటీ, ప్రజలను సంప్రదించి, గ్రామమునందలి మొక్కలు, పశువులు, వాటినిగూర్చిన తెలివి వివరములను ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వ్రాయవలెను. అనేక చోట్ల ఇట్టి రిజిస్టరు బీరువాలో ఉండు కాగితమని భావింపబడుచున్నది. మేమట్లు భావింపము. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, గరికసన్నవరి అను పేర్లు నేడు పెద్దల నోటనే వినబడుచున్నవి. ఏ రకము ఉప్పునేలకు ఆగెడిది, ఏది నీట మునిగినను లేచెడిది, ఏది చీడను లెక్కచేయకుండెడిది అను సంగతులు వారితోనే అంతరించుచున్నవి. విత్తనము మిగిలియున్నచో దానిని, లేనిచో కనీసము దాని గుణమును వ్రాసియుంచవలెను. పరిశోధకునకు ఎక్కడ వెదకవలెనో తెలుపునది ఆ వ్రాతయే.

రైతు హక్కులకును చట్టరక్షణ కలదు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము ననుసరించి రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనవచ్చును, వాడుకొనవచ్చును, తోటివారితో మార్చుకొనవచ్చును. పేరుగల ముద్రతో అమ్ముట మాత్రము కూడదు. రైతులు కాపాడిన రకములను వారి పేరనే నమోదు చేయించవచ్చును. అట్టి రకములను రక్షించిన గ్రామ సముదాయములకు ఆ చట్టము క్రింద కేంద్రప్రభుత్వ పురస్కారములును ఈయబడుచున్నవి.

జన్యుపటములో ఒక్కొక్క గుర్తును సరిగా వ్రాయుట ఎంత అవసరమో, గ్రామ రిజిస్టరులో ఒక్కొక్క విత్తనమును సరిగా వ్రాయుటయు అంతే అవసరము. మొదటిది ప్రయోగశాల పని. రెండవది పంచాయతీ పని. రాబోవు గ్రామసభలో ఈ రిజిస్టరును బయటికి తీసి, వరి అను పుట కడ ఏమి వ్రాసియున్నదో సభ్యులు చూచెదరు గాక. ఆ పుట ఖాళీగా నున్నయెడల, ఊరిలో పెద్ద వయసు రైతు ఒకరిని పిలిచి ఆ దినముననే వ్రాత ప్రారంభింపవలెనని మా మనవి.